మున్సిపల్ ఆఫీసును కొత్త భవనంలోకి మార్చేటప్పుడు

బల్లలు, కుర్చీలు విరిగితే మళ్ళీ కొనుక్కోవచ్చు. పాత జనన మరణాల రిజిస్టరు పోతే ఎవరో ఒకరికి పుట్టిన తేదీ రుజువే లేకుండా పోతుంది. అందుకే ప్లాను రికార్డు రూము నుంచి మొదలవ్వాలి, చైర్‌పర్సన్ ఛాంబర్ నుంచి కాదు.

ముందు తేదీ. మార్చిలో పన్ను వసూళ్ళు, బిల్లుల ఒత్తిడి. ఏప్రిల్లో ఏడాది ఆస్తి పన్ను ఒకేసారి కడితే 5 శాతం రిబేటు ఇస్తుంటారు కాబట్టి కౌంటర్ల దగ్గర రద్దీ. వానాకాలంలో కాగితం కదపకూడదు. మే నెల రెండో శనివారం, ఆ మర్నాటి ఆదివారం అనువుగా ఉంటాయి. ప్రారంభోత్సవానికి మంచి ముహూర్తం ఎప్పుడుంటే అప్పుడు పెట్టుకోండి గానీ, ఆ రోజే సామాను దించకండి. వచ్చేపోయే జనంలో ఏ మూట ఏ గదిలోకి వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు.

రెండు నెలల ముందే ఫైళ్ళు వడపోయాలి. పని ముగిసిన ఫైలు మీద వేసిన గుర్తును బట్టి దాన్ని ఎంతకాలం ఉంచాలో తెలుస్తుంది: ఆర్.డిస్ శాశ్వతం, డి.డిస్ 10 ఏళ్ళు, ఎల్.డిస్ ఏడాది. గడువు తీరినవాటికి జాబితా రాసి, కమిషనర్ ఆమోదం వచ్చాకే తీసెయ్యాలి. కోర్టు కేసుగానీ ఆడిట్ అభ్యంతరంగానీ ఉంటే గడువు తీరినా ముట్టుకోవద్దు. ఎం-బుక్కుల (పనుల కొలతలు రాసే పుస్తకాల) లెక్క ఇంజనీరింగ్ సెక్షన్ విడిగా తేల్చాలి. ఒక్కటి కనపడకపోయినా అందులో కొలతలు ఎక్కిన పనుల బిల్లులు ఆగిపోతాయి.

పాత రిజిస్టర్లకు పురికొస కట్టకండి, అంచులు తెగుతాయి. వెడల్పాటి నవారు వాడండి. కుట్టు ఊడినవాటిని నిలబెట్టకుండా పడుకోబెట్టి, పాత పంచె గుడ్డలో చుట్టండి. కట్టే ముందే పేజీలు లెక్కపెట్టి, సంఖ్య మొదటి పేజీలో రాసి సంతకం చేయించండి. అక్కడ విప్పాక మళ్ళీ లెక్క సరిచూసి ఇంకో సంతకం. ఈ రిజిస్టర్లు, చెక్కు బుక్కులు, రసీదు పుస్తకాలు, ఆఫీసు ముద్రలు కూలీల బండిలో వెళ్ళకూడదు. సెక్షన్ సూపరింటెండెంట్ దగ్గరుండి వేరే వాహనంలో తీసుకెళ్ళాలి.

కాగితం బరువును అందరూ తక్కువగా అంచనా వేస్తారు. 500 షీట్ల ఎ4 కట్ట రెండున్నర కిలోలు. పెద్ద అట్టపెట్టె నిండా కుక్కితే అడుగు ఊడుతుంది, మోసేవాడి నడుమూ పట్టేస్తుంది. పెట్టెకు 15 కిలోలు మించనివ్వకండి. పెట్టె మీద సెక్షన్ పేరు, గది నంబరు, వరుస నంబరు రెండు పక్కల రాయండి. పైన రాస్తే పేర్చినప్పుడు కనపడదు.

రికార్డు రూముకు చదరపు మీటరుకు 500 కిలోల బరువు ఆగే నేల కావాలి. మామూలు ఆఫీసు గదిని అంత బరువుకు కట్టరు. పై అంతస్తులో రికార్డులు పెట్టే ముందు కట్టించిన ఇంజనీరునే అడగండి. కొత్త ప్లాస్టరింగులో తేమ ఉంటుంది, గోడకు ఆనించిన రిజిస్టర్లకు బూజు పడుతుంది. ఇనుప ర్యాకులు గోడకు అర అడుగు ఎడంగా, అట్టడుగు షెల్ఫు నేలకు అర అడుగు ఎత్తుగా ఉండాలి. చెదలకూ అదే జాగ్రత్త.

పన్ను, జనన ధ్రువపత్రాలు, ఫిర్యాదులు కింది అంతస్తులోనే ఉండాలి. ముసలివాళ్ళను లిఫ్టు కోసం నిలబెట్టడం అన్యాయం. మెట్ల ఎత్తు అడుగుంటే ర్యాంపు 12 అడుగుల పొడవుండాలి. తగ్గిస్తే చక్రాల కుర్చీని ఒంటరిగా ఎక్కించుకోలేరు.

ఇంటర్నెట్ లైను, త్రీఫేజ్ కరెంటు నెల ముందే వచ్చి ఉండాలి. సర్వరును కదిపే ముందు రెండు బ్యాకప్‌లు తీసి, ఒకటి వేరే చోట ఉంచండి. యూపీఎస్ బ్యాటరీలు నిలువుగానే వెళ్ళాలి, పడుకోబెడితే యాసిడ్ కారుతుంది. డిజిటల్ సంతకం డాంగిల్ (కంప్యూటరుకు గుచ్చే చిన్న పరికరం) ఎవరిది వారి దగ్గరే ఉండాలి. ముందు అకౌంట్స్, ఎస్టాబ్లిష్‌మెంట్ (సిబ్బంది వ్యవహారాలు చూసే) సెక్షన్లు వెళ్ళి, అక్కడ ఒక రోజు పని నడిచాక చివరగా కౌంటర్లు మార్చండి.

కొత్త చిరునామా జీఎస్‌టీ రిజిస్ట్రేషన్‌లో 15 రోజుల్లో మార్పించాలి. బ్యాంకు, ట్రెజరీ, మీ కేసులు నడుస్తున్న కోర్టులు, సమాచార హక్కు చట్టం కింద ఆఫీసులో పెట్టే బోర్డు కూడా మరవద్దు. పాత ఆఫీసు గేటుకు దారి గీసిన బోర్డు కట్టి, నెలపాటు ఒక అటెండరును తపాలు తీసుకోవడానికి అక్కడే ఉంచండి. ఆ నెల గడిచాక ఆఖరి కరెంటు బిల్లు కట్టి, పాత మీటరు తీయించండి.