పిల్లల ఫుట్‌బాల్ కోచింగ్ – 4వ పాఠం: ఎత్తు పెరిగే ఏడాది

పోయిన పాఠంలో పదేళ్ళ పిల్లలకు 4 నంబర్ బంతిని (పెద్దలు ఆడేదాని కంటే ఒక సైజు చిన్నది) కాళ్ళకు అలవాటు చేశాం. ఆ వయసులో చూపించింది చూపించినట్టు పట్టేస్తారు. అసలు పరీక్ష ఆ తర్వాతే.

జూన్‌లో బంతిని పాదం లోపలి వైపుతో మెత్తగా ఆపిన కుర్రాడు, సంక్రాంతి సెలవులయ్యాక అదే బంతిని మోకాలికి తగిలించుకుంటాడు. పరుగెత్తితే కాళ్ళు మాట వినవు. "ధ్యాస లేదు వీడికి" అని ఒకడిని అందరి ముందూ అనేశాను. తర్వాతి వారం నుంచి గ్రౌండ్‌కి రాలేదు. వాడి ట్రాక్ ప్యాంటు చీలమండ పైకి వచ్చేసింది. అది నేను చూడలేదు. ఇప్పటికీ బాధే.

ఆడపిల్లలు సుమారు 12, మగపిల్లలు 14 ఏళ్ళప్పుడు ఒక్కసారిగా పొడుగవుతారు. ఏడాదికి 5, 6 సెంటీమీటర్లు పెరిగేవాళ్ళు 8, 9 పెరుగుతారు. ఎముక ముందు సాగుతుంది, కండరం వెనక వస్తుంది. ఈ కొత్త కాలితో మళ్ళీ మొదటినుంచి సర్దుకోవాలి. మోకాలి చిప్ప కింద ఉబ్బి, నొక్కితే నొప్పి అంటే అది బద్ధకం కాదు, ఆస్‌గుడ్-ష్లాటర్ కావచ్చు, అంటే ఎదిగే వయసులో మోకాలి కింద ఎముక దగ్గర వచ్చే సమస్య. దూకడాలు, గట్టి షాట్లు ఆపించి డాక్టర్‌కి చూపించండి.

ఈ నెలల్లో కొత్త టెక్నిక్ జోలికి వెళ్ళకండి. ఇద్దరిని ఐదు మీటర్ల దూరంలో నిలబెట్టి రెండు టచ్‌లు చేయించండి: ఒకటి ఆపడానికి, ఒకటి ఇవ్వడానికి. సగం పాస్‌లు అలవాటు లేని కాలితోనే. బంతి తాకే క్షణంలో పాదాన్ని కాస్త వెనక్కి లాగాలి. మోకాలు బిగబట్టారా, బంతి ఎగిరిపోతుంది. పదిహేను నిమిషాలు చాలు.

ఒకే వయసులో ఒకడికి మీసం వచ్చి ఉంటుంది, ఇంకొకడు వాడి భుజం దాకా కూడా రాడు. వారానికి ఒకరోజు ఎదుగుదలను బట్టి జట్లు కట్టండి. ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్ అకాడమీల్లో దీన్ని బయో-బ్యాండింగ్ అంటారు. చిన్నవాడికి బంతి దొరుకుతుంది. నాకైతే పెద్దవాడికే ఎక్కువ లాభం అనిపిస్తుంది: ఇన్నాళ్ళూ భుజబలంతో గెలిచినవాడు ఆరోజు తలెత్తి చూసి పాస్ ఇవ్వక తప్పదు.

ఈ వారం పని: గోడకు కొలత టేపు అంటించండి. బూట్లు విప్పించి, మడమలు గోడకు ఆనించి, ఒక్కొక్కరి పేరు పక్కన తేదీ, ఎత్తు రాసుకోండి. మళ్ళీ మూడు నెలలకు కొలవండి. ఎత్తు అందరికీ వినపడేలా చదవొద్దు. పొట్టిగా ఉన్నవాళ్ళు ఇప్పటికే రోజూ అద్దంలో చూసుకుంటున్నారు.

వచ్చే పాఠం: పదిహేను దాటాక స్థానం ఎంచడం.