మేడ మీద సూర్యుడి లెక్క: ఏడాది పొడవునా పొద్దు ఎటు జరుగుతుందో మీరే కొలవడం ఎలా?

మా వంటింటికి కిటికీ ఉత్తరం గోడలో ఉంది. ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ "ఉత్తరం వైపు ఎండ రాదమ్మా, దానికి సన్‌షేడ్ దండగ" అన్నాడట, మా అమ్మ సరే అందట. డిసెంబరులో చూస్తే ఆయన మాట నిజమే. మే నెల వచ్చిందంటే మాత్రం పొద్దున ఏడింటికే ఎండ ఆ కిటికీలోంచి ఏటవాలుగా దూరి పోపుల డబ్బా మీద పడుతుంది. సాయంత్రం మళ్ళీ అవతలి పక్క నుంచి వస్తుంది. "సూర్యుడు దారి తప్పాడా?" అని మా అమ్మ అడిగిన రోజు నుంచే నాకు ఈ కొలతల పిచ్చి పట్టుకుంది.

సూర్యుడు దారి తప్పలేదు. సరిగ్గా తూర్పున పొడిచి సరిగ్గా పడమట కుంకేది ఏడాదికి రెండు రోజులే, మార్చి 20 ప్రాంతంలో ఒకటి, సెప్టెంబరు 22, 23 ప్రాంతంలో ఒకటి. వీటిని విషువత్తులంటారు. మిగతా ఏడాదంతా ఆయన ఉత్తరానికో దక్షిణానికో జరుగుతూనే ఉంటాడు. భూమి ఇరుసు సుమారు 23.4 డిగ్రీలు వాలి ఉండడమే దీనికి కారణం. ఎండలు ముదరడానికి సూర్యుడు దగ్గరికి రావడం కారణమనుకునేవాళ్ళు ఇంకా ఉన్నారు. నిజానికి మనం ఆయనకు అతి దగ్గరగా ఉండేది జనవరి మొదటి వారంలో, దుప్పట్లు కప్పుకుని పడుకునే రోజుల్లో.

ఈ జరుగుడును కొలవడానికి టెలిస్కోపు అక్కర్లేదు. మేడ, పిట్టగోడ, బిస్కెట్ డబ్బా మూత ఉంటే చాలు. ఒక్క హెచ్చరిక: సూర్యుణ్ణి నేరుగా చూడొద్దు, నల్ల కళ్ళద్దాలు పెట్టుకున్నా సరే. మనం చూసేదల్లా నేల మీద పడే వెలుగునే.

రేకు బిగించడం

మొదట్లో నేను అందరిలాగే ఒక కర్ర నిలబెట్టాను. రెండు ఇబ్బందులు వచ్చాయి. ఒకటి, కర్ర కొన నీడ మసకగా పడుతుంది. సూర్యుడు చుక్క కాదు, అర డిగ్రీ వెడల్పున్న బిళ్ళ. మీటరు ఎత్తు కర్రకు నీడ అంచు సెంటీమీటరు మేర చెదిరిపోతుంది, ఎక్కడ గీత పెట్టాలో తెలియదు. రెండోది, సరిగ్గా సంక్రాంతి ముందు ఎవరో దుప్పట్లు ఆరేసుకోవడానికి నా కర్రను పీకి పక్కన పెట్టారు. రెండు నెలల గుర్తులు పోయాయి.

అందుకని ఇలా చేయండి. బిస్కెట్ డబ్బా మూత లాంటి గట్టి రేకు తీసుకుని, ఒక అంచుకు దగ్గరగా మేకుతో మూడు నాలుగు మిల్లీమీటర్ల బెజ్జం కొట్టండి. బెజ్జం చుట్టూ అరచేయంత రేకు మిగలాలి, దాని నీడలోనే వెలుగు చుక్క స్పష్టంగా కనిపిస్తుంది. మేడకు దక్షిణం వైపున్న పిట్టగోడ మీద ఆ రేకును అడ్డంగా పెట్టి, బెజ్జం గోడ నుంచి అడుగు దూరంలో మేడ లోపలికి ఉండేలా బిగించండి. అవసరమైతే కింద చెక్క పట్టీ వేయండి. గాలికి ఊగకూడదు.

ఇప్పుడు బెజ్జంలోంచి రాయి కట్టిన దారం వదలండి. రాయి నేలను తాకీ తాకకుండా ఆగిన చోట చుక్క పెట్టండి. దీన్ని పాదం అందాం. పాదం నుంచి బెజ్జం దాకా ఎత్తు ఎంతో టేపుతో కొలిచి రాసుకోండి. మా మేడ మీద సరిగ్గా 100 సెంటీమీటర్లు వచ్చేలా సర్దుకున్నాను, లెక్క తేలికవుతుందని.

వాననీళ్ళు పోవడానికి మేడ నేలకు కాస్త వాలు పెడతారు. సూర్యుడి కదలికను చూడడానికి ఆ వాలు అడ్డు కాదు. అక్షాంశం లెక్క కట్టాలంటే మాత్రం వెలుగు చుక్క పడే చోటుకు, పాదానికి మధ్య ఎత్తు తేడాను మేస్త్రీల లెవెల్ గొట్టంతో చూసుకోవాలి.

ఉత్తర దక్షిణ రేఖ గీయడం

ఫోన్‌లో దిక్సూచి ఉంది కదా అనుకోకండి. స్లాబులోని ఇనుప చువ్వలు దాన్ని ఎటు కావాలంటే అటు తిప్పుతాయి. సూర్యుణ్ణే నమ్ముకోవడం మేలు.

మిట్టమధ్యాహ్నం అంటే గడియారంలో పన్నెండు కాదు. మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల రేఖాంశం లెక్కన. ఆ రేఖ అన్నవరం, తుని ప్రాంతం మీదుగా పోతుంది. అక్కడి నుంచి పడమరకు ఒక్కో డిగ్రీకి 4 నిమిషాలు ఆలస్యం. హైదరాబాదు 78.5 డిగ్రీల దగ్గరుంది కాబట్టి సుమారు 16 నిమిషాలు వెనక. దీనికి తోడు భూమి కక్ష్య గుండ్రంగా లేకపోవడం వల్లా, ఇరుసు వాలు వల్లా మరికొన్ని నిమిషాలు అటూ ఇటూ అవుతాయి. మొత్తం కలిపి హైదరాబాదులో మిట్టమధ్యాహ్నం నవంబరు మొదట్లో 12 గంటలకు, ఫిబ్రవరి రెండో వారంలో 12:30కి, మే మధ్యలో 12:12కి, జూలై చివర్లో 12:22కి వస్తుంది. విజయవాడలో దీనికన్నా 9 నిమిషాలు ముందు, విశాఖలో 19 నిమిషాలు ముందు.

ఆ సమయానికి వెలుగు చుక్క నడిమధ్యన గుర్తు పెట్టి, పాదంతో కలిపి గీత గీస్తే అదే మీ ఉత్తర దక్షిణ రేఖ. ఈ పని శీతాకాలంలో చేయండి. అప్పుడు చుక్క పాదానికి చాలా దూరంగా పడుతుంది కాబట్టి నిమిషం అటూ ఇటూ అయినా గీత పెద్దగా వంకర పోదు.

గడియారం సాయం వద్దనుకునేవాళ్ళకు సూర్యసిద్ధాంతం అనే ప్రాచీన ఖగోళ గ్రంథం చెప్పిన పాత పద్ధతి ఉంది. చదునైన నేల మీద శంకువు, అంటే నిలువు పుల్ల, పాతి దాని చుట్టూ వృత్తం గీస్తారు. పొద్దున పొడుగ్గా ఉన్న నీడ కుంచించుకుంటూ వృత్తాన్ని తాకిన చోట ఒక గుర్తు, మధ్యాహ్నం మళ్ళీ పెరుగుతూ తాకిన చోట ఇంకో గుర్తు. రెండూ కలిపితే తూర్పు పడమరల రేఖ. దానికి లంబంగా గీసినది ఉత్తర దక్షిణ రేఖ. నేను రెండు పద్ధతులూ చేసి చూశాను, గీతలు దాదాపు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ఆ రోజంతా మురిసిపోతూనే ఉన్నాను.

వారానికోసారి గుర్తు

ఇక్కడి నుంచి పని తేలిక. వారానికో పది రోజులకో ఒకసారి, మిట్టమధ్యాహ్నానికి అయిదు నిమిషాల ముందు మేడ ఎక్కి కూర్చోండి. చుక్క పడమర నుంచి తూర్పుకు, నిమిషానికి అర సెంటీమీటరు చొప్పున పాకుతూ వస్తుంది. కంటికి కనిపించేంత కదలిక అది. అది గీతను దాటే క్షణంలో పెయింటుతో చుక్క పెట్టి పక్కన తేదీ రాయండి. సుద్దముక్క వాడితే మొదటి వానకే మాయం. ఎనామిల్ పెయింటే నయం.

హైదరాబాదులో 100 సెంటీమీటర్ల ఎత్తు బెజ్జానికి వచ్చే కొలతలు ఇవి. డిసెంబరు 21న చుక్క పాదానికి ఉత్తరంగా 86 సెంటీమీటర్ల దూరాన పడుతుంది. మార్చి 20కి 31 సెంటీమీటర్లకు వస్తుంది. మే 9న పాదం మీదే. జూన్ 21న పాదం దాటి దక్షిణంగా పదిన్నర సెంటీమీటర్లు. అంటే సూర్యుడు నడినెత్తి దాటి ఉత్తరానికి పోయాడన్నమాట. మా వంటింటి పోపుల డబ్బా గుట్టు అదే.

గుర్తులు పెట్టుకుంటూ పోతే మీకే ఒక సంగతి తెలుస్తుంది. అవి సమానదూరంలో ఉండవు. మార్చి 10కీ 20కీ మధ్య చుక్క 8 సెంటీమీటర్లు దూకుతుంది. డిసెంబరు 16కీ 26కీ మధ్య అర సెంటీమీటరైనా కదలదు. ఉయ్యాల చివరిదాకా పోయి ఒక్క క్షణం ఆగి వెనక్కి వచ్చినట్టు ఉంటుంది సూర్యుడి నడక. మధ్యలో వేగం, చివర్లలో నెమ్మది.

అందుకే ఉత్తరాయణం ఏ రోజు మొదలైందో నీడ చూసి నేరుగా చెప్పడం కష్టం. దానికో కిటుకు ఉంది. నవంబరు 21న చుక్క ఎక్కడ పడిందో గుర్తుంచుకోండి. ఆ తర్వాత అది దూరం పోయి, తిరిగొచ్చి, మళ్ళీ అదే గుర్తు మీద ఏ రోజు పడుతుందో చూడండి. అది జనవరి 20, 21 ప్రాంతం అవుతుంది. ఆ రెండు తేదీలకూ నడిమి రోజు డిసెంబరు 21.

మరి ఉత్తరాయణ పుణ్యకాలం జనవరి 14, 15 కదా అంటారా? మకర సంక్రాంతిని లెక్కించేది నక్షత్రాలను బట్టి, సూర్యుడు మకరరాశిలోకి అడుగుపెట్టిన రోజును బట్టి. భూమి ఇరుసు బొంగరంలా మెల్లగా తిరుగుతుండడం వల్ల ఆ లెక్క, రుతువుల లెక్క సుమారు 70 ఏళ్ళకు ఒక రోజు చొప్పున ఎడమవుతున్నాయి. పదిహేడు వందల ఏళ్ళ కిందట రెండూ ఒకే రోజున పడేవి. పండుగ తప్పూ కాదు, మీ నీడ తప్పూ కాదు. రెండూ వేర్వేరు గడియారాలు. రైతుల కార్తెలు కూడా ఈ నక్షత్రాల గడియారానివే. సూర్యుడు రోహిణిలో ఉండే మే చివర, జూన్ మొదటి రోజులే రోళ్ళు పగిలే రోహిణి కార్తె.

నీడ లేని రోజు

కర్కట రేఖకూ మకర రేఖకూ మధ్య ఉన్నవాళ్ళకే దక్కే వేడుక ఇది. సూర్యుడి క్రాంతి, అంటే ఆయన ఖగోళ మధ్యరేఖకు (భూమధ్యరేఖకు సరిగ్గా పైన ఆకాశంలో ఊహించుకునే గీతకు) ఎన్ని డిగ్రీలు ఎడంగా ఉన్నాడన్నది, మీ ఊరి అక్షాంశంతో సమానమైన రోజున మిట్టమధ్యాహ్నం నిలువు వస్తువుకు నీడ ఉండదు. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతం, విజయవాడలో మే 5, 6, హైదరాబాదులో మే 9, విశాఖలో మే 10, 11, ఆదిలాబాదులో మే 19 ప్రాంతం. స్టీలు గ్లాసు బోర్లించి చూడండి, చుట్టూ నీడ చారైనా ఉండదు. పిల్లల్ని పిలిచి చూపించాలంటే ఎండకు టోపీలు పెట్టించి, హైదరాబాదులో అయితే 12:10కే సిద్ధంగా ఉంచండి. రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది.

ఇది ఏటా రెండుసార్లు వస్తుంది. హైదరాబాదుకు రెండోసారి ఆగస్టు 3. జూన్ 21కి 43 రోజుల ముందు ఒకటి, 43 రోజుల తర్వాత ఇంకొకటి. ఆగస్టులో మాత్రం నేను ఇంతవరకూ చూడలేదు. మూడేళ్ళూ మబ్బులే.

ఆకాశంలో సూర్యుడి ఏ స్థానమైనా ఇలా ఏడాదికి రెండుసార్లు వస్తుంది. అరసవల్లి సూర్యనారాయణస్వామి పాదాలను ఉదయపు కిరణాలు తాకడం మార్చి 9, 10 తేదీల్లో ఒకసారి, అక్టోబరు 1, 2 తేదీల్లో మరోసారి జరుగుతుందంటారు కదా, అదీ ఈ జంట లెక్కే. సూర్యుడు ఉత్తరానికి పోతూ ఒకసారి, తిరిగి వస్తూ ఒకసారి దాదాపు అదే చోట పొడుస్తాడు.

డాలస్‌లో ఉన్న మా అక్కకు ఇదంతా చెబితే తనూ చూస్తానంది. అక్కడ కుదరదు. 33 డిగ్రీల దగ్గర సూర్యుడు ఏ రోజూ నడినెత్తికి రాడు, మిట్టమధ్యాహ్నం ఎప్పుడూ దక్షిణంగానే ఉంటాడు. మెల్‌బోర్న్‌లో అయితే ఎప్పుడూ ఉత్తరానే. అక్కడ ఇల్లు కొనేవాళ్ళు ఎండ కావాలంటే ఉత్తరం కిటికీలే వెతుక్కుంటారు.

కొలతతో ఏం చేయొచ్చు

మార్చి 20 కొలతను ఎత్తుతో భాగించి, ఫోన్ క్యాలిక్యులేటర్‌లో టాన్ ఇన్వర్స్ నొక్కితే మీ ఊరి అక్షాంశం వస్తుంది. నాకు 31.5 సెంటీమీటర్లు వచ్చింది, అంటే 17.5 డిగ్రీలు. హైదరాబాదు అసలు అక్షాంశం 17.4. ఆ పదోవంతు తేడా నేల మీద 11 కిలోమీటర్లు. బిస్కెట్ మూతకు అది గొప్పే. పంచాంగకర్తలు పలభ అనేది కూడా ఇలాంటి కొలతే, 12 అంగుళాల శంకువుకు విషువత్తు నాటి మధ్యాహ్నం నీడ.

ఇంకో లెక్క: 90లోంచి అక్షాంశం తీసేసి, ఆ నాటి క్రాంతి కలిపితే మిట్టమధ్యాహ్నం సూర్యుడి ఎత్తు వస్తుంది. దక్షిణ క్రాంతి అయితే తీసేయాలి. 90 దాటితే ఆయన ఉత్తరం వైపు ఉన్నట్టు, అప్పుడు వచ్చినదాన్ని 180లోంచి తీసేయాలి. హైదరాబాదులో డిసెంబరు 21న 49 డిగ్రీలు, జూన్ 21న ఉత్తరం నుంచి 84. సోలార్ పలకలను దక్షిణానికి తిప్పి అక్షాంశమంత వాలు పెట్టడం వెనక ఉన్నది ఈ లెక్కే. దక్షిణం కిటికీకి సన్‌షేడ్ ఎంత ముందుకు రావాలో కూడా దీంతోనే తేలుతుంది. ఉత్తరం కిటికీకి ఎండ పొద్దునా సాయంత్రం పక్కల నుంచి వస్తుంది కాబట్టి, పైన షేడ్ కన్నా రెండు పక్కలా నిలువు పలకలు పనికొస్తాయి. మా ఇంట్లో చివరికి రెండు వెదురు తడికలు కట్టాం.

పొద్దుపొడుపు పటం

మధ్యాహ్నం తీరిక లేనివాళ్ళకు ఇది. మేడ మీద ఒకే చోట నిలబడి, తూర్పున కనిపించే ట్యాంకులు, చెట్లు, టవర్లు ఒక కాగితం మీద వరసగా గీసుకోండి. నెలకోసారి సూర్యుడు దేని వెనక నుంచి పొడిచాడో తేదీ వేయండి. చేయి చాచి పిడికిలి పడితే దాని వెడల్పు సుమారు 10 డిగ్రీలు. మన దగ్గర డిసెంబరు పొద్దుకూ జూన్ పొద్దుకూ మధ్య 49 డిగ్రీలు, అంటే అయిదు పిడికిళ్ళు. మాకు డిసెంబరులో పక్క అపార్ట్‌మెంటు నీళ్ళ ట్యాంకు వెనక, జూన్‌లో సెల్ టవర్‌కు ఎడమగా.

గంటలు కూడా రాసుకోండి. హైదరాబాదులో పగలు జూన్‌లో 13 గంటల 10 నిమిషాల దాకా సాగుతుంది, డిసెంబరులో 11 గంటల 5 నిమిషాలకు కుదించుకుపోతుంది. మార్గశిరంలో మాట్లాడ పొద్దుండదు, పుష్యంలో పూస గుచ్చ పొద్దుండదు అన్న సామెత ఈ రెండు గంటల గురించే. కానీ మీ కాగితం మీద ఒక వింత తేలుతుంది. సాయంత్రం అన్నిటికన్నా ముందుగా చీకటి పడేది డిసెంబరు 21న కాదు, నవంబరు చివర్లోనే. పొద్దున అన్నిటికన్నా ఆలస్యంగా తెల్లవారేది జనవరి మూడో వారంలో. మిట్టమధ్యాహ్నం నవంబరులో 12 నుంచి ఫిబ్రవరిలో 12:30కి జారిపోతుందని పైన చెప్పుకున్నాం కదా, ఆ జారుడే పొద్దుపొడుపునూ తనతో లాక్కుపోతుంది. సంక్రాంతి సెలవులు అయిపోయాక కూడా పిల్లల్ని స్కూలు బస్సుకు చీకట్లోనే లేపాల్సి రావడం ఇందుకే.