కంటి మీద ప్రోబ్ పెట్టి తలలో ఒత్తిడి అంచనా కట్టడం

రాత్రివేళ పలాసలోనో టెక్కలిలోనో హైవే మీద దెబ్బ తగిలిన మనిషిని మగతగా తీసుకొస్తారు. సీటీ స్కాన్ లేని చోట, న్యూరోసర్జన్ విశాఖలో ఉన్నప్పుడు, వార్డులోని అల్ట్రాసౌండ్ మిషనే అక్కరకొస్తుంది. మెదడును కప్పే పొరలే కంటినరం చుట్టూ తొడుగులా కనుగుడ్డు దాకా వస్తాయి. మెదడు చుట్టూ ఉండే నీరే ఆ తొడుగులోనూ ఉంటుంది. కపాలంలో ఒత్తిడి పెరిగితే నీరు ఇటు తోసుకొచ్చి తొడుగు ఉబ్బుతుంది. ఆ ఉబ్బునే అల్ట్రాసౌండ్‌తో కొలుస్తాం.

థైరాయిడ్, రక్తనాళాలు చూసే లీనియర్ ప్రోబ్ చాలు. 7.5 మెగాహెర్ట్జ్‌కు తగ్గకూడదు. మిషన్‌లో కంటి కోసం ముందే అమర్చిన సెట్టింగ్ (ప్రీసెట్) పెట్టండి. అది లేకపోతే తెర మీద ధ్వనితరంగాల తాకిడిని చూపే అంకె, అంటే మెకానికల్ ఇండెక్స్, 0.23 దాటకుండా పవర్ తగ్గించండి. డెప్త్ 4 నుంచి 5 సెంటీమీటర్లు. తలవైపు 20 నుంచి 30 డిగ్రీలు ఎత్తండి. మెడ ఎముకపై అనుమానం ఉంటే మెడ వంచకుండా మంచమంతా వాల్చాలి. కనుగుడ్డు పగిలిందేమోనన్న అనుమానం ఏమాత్రం ఉన్నా ఈ పరీక్ష వద్దు.

మూసిన రెప్ప మీద జెల్ దట్టంగా వేయండి. ప్రోబ్ జెల్ మీద తేలాలి, కంటిని నొక్కకూడదు. నొక్కితే గుండె వేగం తగ్గవచ్చు. అందుకే చిటికెనవేలు నుదుటికి ఆనించి పట్టుకోండి.

కనుగుడ్డు వెనక నల్లటి నరం, దానికి రెండు పక్కలా తెల్లని పట్టీలు, వాటి బయట సన్నని నల్లగీత కనిపిస్తాయి. కనుగుడ్డు వెనక గోడ నుంచి నరం వెంబడి సరిగ్గా 3 మిల్లీమీటర్లు దిగి, అక్కడ అడ్డంగా ఒక తెల్లపట్టీ బయటి అంచు నుంచి రెండోదాని బయటి అంచుకు కొలవండి. ప్రోబ్‌ను అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి పట్టి రెండు కళ్లకూ కొలిచి సగటు తీయాలి.

ఎక్కువమంది పొరబడేది నీడ దగ్గరే. ప్రోబ్ వాలుగా ఉంటే కనుగుడ్డు అంచు నుంచి పడే నల్లనీడను తొడుగనుకుని కొలుస్తారు, అంకె తప్పుతుంది. రక్తప్రవాహాన్ని రంగుల్లో చూపే కలర్ డాప్లర్ వేస్తే నరం మధ్యలో రక్తనాళం మెరుస్తుంది, అదే అసలు నరమని గుర్తు. గెయిన్ (బొమ్మ వెలుగు) ఎక్కువైనా తెల్లపట్టీ లావెక్కి కొలత పెరుగుతుంది.

పెద్దవాళ్లలో 5 మిల్లీమీటర్లు దాటితే అనుమానించాలి, 6 దాటితే అనుమానం బలపడుతుంది. మధ్యలోది సందిగ్ధం. ఏడాదిలోపు పిల్లలకు హద్దు 4, అంతకు పెద్ద పిల్లలకు 4.5గా తీసుకుంటారు. ఈ అంకెను పాదరసం మిల్లీమీటర్లలోకి మార్చకండి, అలాంటి లెక్క లేదు. కంటినరం వాపు ఉన్నా తొడుగు ఉబ్బే ఉంటుంది. ఒకసారి ఉబ్బినది ఒత్తిడి తగ్గిన వెంటనే మామూలు స్థితికి రాకపోవచ్చు. అంచేత ఒక్క కొలత కంటే, అరగంటకోసారి ఒకే చేయి తీసిన కొలతలు పోల్చడం మేలు.

కొలత మామూలుగా వచ్చిందని రిఫరల్ ఆపొద్దు. కంటిపాపల్లో తేడా వచ్చినా స్పృహ తగ్గుతున్నా ప్రోబ్ పక్కన పెట్టి చికిత్స మొదలెట్టండి. ఇచ్ఛాపురం నుంచి విశాఖ 200 కిలోమీటర్ల పైమాటే. అంబులెన్స్ ఎక్కించేముందు రిఫరల్ కాగితం మీద కుడి, ఎడమ కొలతలు వేర్వేరుగా, తీసిన టైము, అప్పటి స్పృహ స్కోరు, తలలో ఒత్తిడి తగ్గించే మందు మానిటాల్ ఇచ్చారా, ఇస్తే కొలత దానికి ముందుదా తర్వాతదా అన్నీ రాయండి.