డోర్ నంబర్‌కి తోడుగా లొకేషన్ కోడ్: మన ఇంటికి ఎలా తీసుకోవాలి?

వైజాగ్‌లో అడ్రస్ చెప్పడమంటే గుర్తులు చెప్పడమే. "గుడి దాటాక ఎడమ సందు, వాటర్ ట్యాంక్ ఎదురుగా మెట్లు" అన్నాకే డోర్ నంబర్ జోలికి వెళ్తాం. ఆరిలోవ, కంచరపాలెం వైపు కొండవాలు ఇళ్లకైతే డెలివరీ అబ్బాయి కింద నుంచి ఫోన్ చేయడం, మనం పైనుంచి చేయి ఊపడం మామూలే. ఇలాంటి ఇంటికి ఫోన్‌లో ఉచితంగా దొరికే లొకేషన్ కోడ్, అంటే ఆ చోటుని చూపే అక్షరాలు, అంకెల వరస, బాగా అక్కరకొస్తుంది. దాన్ని ఎలా రాయాలో తెలిసుండాలి, అంతే.

కోడ్ ఎలా పుడుతుంది?

గూగుల్ 2014లో తెచ్చిన ప్లస్ కోడ్ భూమినంతా అక్షాంశ రేఖాంశాల ప్రకారం గళ్లుగా కోస్తుంది. మొదటి గడి 20 డిగ్రీలది. దాన్ని అడ్డంగా 20, నిలువుగా 20 ముక్కలు చేస్తే ఒక డిగ్రీ గడి వస్తుంది. ఇలా కోస్తూ పోతారు. ఒక్కో మెట్టుకి కోడ్‌లో రెండు గుర్తులు (అక్షరాలు లేదా అంకెలు) చేరతాయి. పది గుర్తులు పూర్తయ్యేసరికి మన దగ్గర గడి సుమారు 14 మీటర్లు పొడవు, 13 మీటర్లు వెడల్పు ఉంటుంది. నగరంలో ఎక్కువ భాగానికి మొదటి నాలుగు గుర్తులు 7ఎం95. ఆ తర్వాత ఆర్కే బీచ్, సిరిపురం వైపు పీ8 వస్తుంది, గాజువాక జంక్షన్ దగ్గర ఎం6 వస్తుంది.

రెండోది మన తపాలా శాఖది, డిజిపిన్. ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకి చెందిన రిమోట్ సెన్సింగ్ కేంద్రం ఎన్‌ఆర్‌ఎస్‌సీలతో కలిసి తయారుచేసి 2025 మేలో విడుదల చేశారు. ఇది భారతదేశాన్ని కప్పే ఒక పెద్ద చతురస్రంతో మొదలై, ప్రతిసారీ 16 ముక్కలవుతూ, పదో గుర్తు దగ్గర సుమారు 4 మీటర్ల గడి దాకా దిగుతుంది. ఆర్కే బీచ్ దగ్గర డిజిపిన్ 5జే8తో మొదలవుతుంది.

రెండిట్లోనూ సున్నా, ఒకటి, ఇంగ్లిష్ ఓ, ఐ అక్షరాలు ఉండవు. ఎవరైనా పంపిన కోడ్‌లో అవి కనిపిస్తే ఎక్కడో తప్పు పడినట్టే.

ఎలా తీసుకోవాలి?

ఇంట్లో మంచం మీద కూర్చుని తీయొద్దు. శ్లాబు కింద జీపీఎస్ పక్క వీధిలో చుక్క పెట్టినా పెడుతుంది. గేటు బయట నిలబడండి, లేదా గూగుల్ మ్యాప్స్‌లో శాటిలైట్ వ్యూ పెట్టి మీ గేటు మీద కాసేపు వేలు నొక్కి ఉంచండి. పిన్ పడ్డాక కింది వివరాల్లో ప్లస్ గుర్తున్న కోడ్ కనబడుతుంది. డిజిపిన్ కావాలంటే తపాలా శాఖ 'నో యువర్ డిజిపిన్' పేజీ తెరిచి, లొకేషన్‌కి అనుమతి ఇవ్వండి. ఏదైనా సరే కాపీ చేయండి, చేత్తో టైప్ చేయొద్దు.

మ్యాప్స్‌లో చాలాసార్లు మొదటి నాలుగు గుర్తులు తీసేసి, పక్కన ఊరి పేరుతో చూపిస్తారు. అలాంటప్పుడు ఊరి పేరు కూడా కోడ్‌లో భాగమే. అవే ఆరు గుర్తులు ప్రతి డిగ్రీకీ, అంటే సుమారు 110 కిలోమీటర్లకోసారి, మళ్లీ వస్తాయి. ఆర్కే బీచ్ చిన్న కోడ్ పక్కన విశాఖపట్నం బదులు శ్రీకాకుళం టౌన్ అని రాస్తే లెక్క ప్రకారం పలాస చుట్టుపక్కల తేలతారు! వేరే ఊరివాళ్లకి పంపేటప్పుడు పది గుర్తులూ ఇవ్వండి.

కొండవాలు ఇళ్లకి

అసలు తిరకాసు ఇక్కడుంది. కోడ్ చోటు చెబుతుంది గానీ దారి చెప్పదు. దానికి ఎత్తుపల్లాలు తెలియవు. మ్యాప్‌లో పక్కపక్కనే ఉన్న రెండు గళ్ల మధ్య అరవై మెట్లు ఉండొచ్చు, బండి మాత్రం కొండ అవతలి నుంచి తిరిగి రావాల్సి ఉండొచ్చు. అందుకే నా సలహా: ఇంటి కోడ్‌తో పాటు బండి ఆగే చోటు కోడ్ కూడా తీసి, దాన్నే ముందు రాయండి. ఉదాహరణకి: "బండి ఇక్కడ ఆపాలి: (మెట్ల కింది కోడ్). కుడివైపు మెట్లెక్కితే మూడో ఇల్లు, నీలం గేటు. ఇంటి కోడ్: (మీ గేటు దగ్గరి కోడ్)." 108కి ఫోన్ చేసినప్పుడు చెప్పాల్సింది కూడా ముందు దారి గుర్తులూ, మెట్లూ. ఆ టెన్షన్‌లో ఎవరూ కోడ్‌లోని పది గుర్తులు చదవలేరు.

అపార్ట్‌మెంట్ అయితే ఒకదాని మీద ఒకటున్న ఫ్లాట్లన్నిటికీ కోడ్ ఒకటే. ఫ్లాట్ నంబర్, అంతస్తు రాయక తప్పదు. వన్‌టౌన్ ఇరుకు సందుల్లో ఒక ప్లస్ కోడ్ గడిలో రెండు మూడు ఇళ్లు పడతాయి కాబట్టి అక్కడ డిజిపిన్ మెరుగు.

తీసిన కోడ్‌ని మీ ఇల్లు తెలియని ఒకరికి పంపి, మ్యాప్‌లో ఎక్కడ తేలిందో స్క్రీన్‌షాట్ అడగండి. పక్క వీధి చూపిస్తే మళ్లీ తీయండి. డోర్ నంబర్, ఆరంకెల పిన్‌కోడ్ మాత్రం తీసేయకండి. ఈ కోడ్‌లలో ఇంటివాళ్ల పేరు ఉండదు, కాబట్టి బ్యాంకులో అడ్రస్ ప్రూఫ్‌గా చూపించడానికి పనికిరావు.