పండు మీద స్టిక్కర్ ఊడనంటే

మార్గశిర లక్ష్మివారం పొద్దున్న. ఒడిశాలోని పర్లాకిమిడిలో మా వీధి ఒడియా వాళ్ల గుమ్మాల్లో ఝోటీలు, అంటే వాళ్లు బియ్యప్పిండితో వేసే ముగ్గులు, మా గుమ్మంలో మన ముగ్గు. పూజకు అంతా సిద్ధం. పళ్లెంలో ఆపిల్స్ పెట్టబోతే ఆరింటికీ స్టిక్కర్లు! "లచ్చిందేవికి లేబుల్ ఏటే?" అన్నారు మా అత్తగారు. కంగారులో గోరుతో గీకేశాను. స్టిక్కర్ సగం చిరిగింది, పండు మీద గోటి గీత పడింది, మధ్యాహ్నానికి ఆ గీత గోధుమరంగుకు తిరిగింది. ఆ తర్వాత తంటాలు పడి నేర్చుకున్నవే ఇవన్నీ.

సమస్య: స్టిక్కర్ ముక్కలుముక్కలుగా చిరుగుతోంది

పండు అప్పుడే ఫ్రిజ్‌లోంచి తీసి ఉంటారు. చల్లదనానికి బంక గట్టిపడి సాగదు, లాగితే కాగితమే చిరుగుతుంది. అరగంట బయట ఉంచండి. తొందరైతే గోరువెచ్చని నీళ్లలో రెండు నిమిషాలు చాలు. బొటనవేలితో ఒక అంచు తోసి లేపి, దాన్ని వెనక్కి మడిచి, పండును రాసుకుంటూ పోతున్నట్టు మెల్లగా లాగండి. పైకి గుంజకూడదు. నీళ్లు మరీ వేడైతే ఆపిల్ మీది మైనం తెల్లబారుతుంది. బూజు పట్టిందనుకుని పారేయకండి.

సమస్య: స్టిక్కర్ పోయింది, బంక ఉండిపోయింది

ఎక్కువమంది ఇక్కడే ఓడిపోతారు. కుళాయి కింద పెట్టి ఎంత తోమినా అది కదలదు, పైగా దుమ్ము పట్టి నల్లటి వలయంలా తయారవుతుంది. ఇది నీళ్లకు కరిగే బంక కాదు మరి. గోదాముల్లో తేమకు, చలికి ఊడిపోకూడదనే అలాంటిది వాడతారు. నూనెకు మాత్రం లొంగుతుంది.

వంటనూనె ఒక్క చుక్క వేసి ఐదు నిమిషాలు వదిలెయ్యండి. పూజ రోజైతే దీపం దగ్గరున్న నువ్వుల నూనే చాలు. తర్వాత వేలితో గుండ్రంగా రుద్దితే బంక ఉండలుగా చుట్టుకుని లేస్తుంది, పిల్లలు రబ్బరుతో చెరిపినప్పుడు రాలే పొట్టులాగా. మిగిలిన జిడ్డుకు చిటికెడు శనగపిండి రాసి కడిగేస్తే సరి.

బంక కొంచెమే ఉంటే నూనె కూడా అక్కర్లేదు. ఊడిన స్టిక్కర్‌నే దాని మీద అద్ది లేపుతూ ఉండండి, బంకకు బంకే అంటుకుని వచ్చేస్తుంది. గిన్నెల సబ్బు, కిరసనాయిలు, నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వద్దు. మనం తినేది ఆ తొక్కే కదా!

సమస్య: తొక్క కూడా లేచి వస్తోంది

టమాటా, బేరిపండు, బాగా ముగ్గిన మామిడి. వీటి తొక్క కన్నా బంకదే బలం. స్టిక్కర్ చుట్టూ అంచులకు నూనె రాసి, అది లోపలికి దిగేదాకా ఆగండి. అయినా రాకపోతే పంతం వద్దు, ఎలాగూ కోస్తారు, ఆ బిళ్లంత మేర కోసి తీసేయండి.

సమస్య: కూరగాయ మీద ధర లేబుల్ వదలట్లేదు

సూపర్ మార్కెట్‌లో తూకం వేసి సొరకాయకు నేరుగా అంటించేస్తారే, ఆ లేబుల్. మా మరిది తెలివిగా కెటిల్ ఆవిరికి పట్టాడు. లేబుల్ రాలేదు సరికదా, మొత్తం నల్లబడింది. ఆ కాగితం వేడి తగిలితేనే అచ్చు పడే రకం. కాగితం కాబట్టి నూనె పైనుంచి రాసినా పీల్చుకుంటుంది, పది నిమిషాలకు ఊడుతుంది. క్యాబేజీ అయితే పై ఆకు ఒలిచేయండి, గొడవ లేదు.

సమస్య: స్టిక్కర్ తీస్తే కింద మెత్తటి మచ్చ

ఇది బంక చేసిన పని కాదు. దెబ్బ తగిలిన చోట చూసి మరీ అంటించడం కొందరు అమ్మేవాళ్లకు అలవాటు. నాకూ ఒకసారి అలాగే అంటగట్టారు. మన దేశపు ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2018లోనే ఈ స్టిక్కర్ల గురించి హెచ్చరించింది. స్టిక్కర్ తీసేసి, అది అంటుకున్న మేర తొక్క కూడా కోసేసి తినమంది. నేనైతే బండి దగ్గరే ఒకటి ఊడబెరికి చూస్తాను. అమ్మేవాడు విసుక్కుంటే ఇంకో బండి. 'ప్రీమియం', 'టెస్టెడ్' అని రాసున్నంత మాత్రాన ఎవరో పరీక్షించారని కాదు. నంబరుంటే మాత్రం కాస్త అర్థముంది: నాలుగంకెలైతే మామూలు పంట, 9తో మొదలయ్యే ఐదంకెలైతే సేంద్రియం. కొండల మీంచి సవర గిరిజనులు దించే అనాస, పనసలకు ఈ తంటా ఏమీ లేదు.

తీసిన స్టిక్కర్లు సింకులో వదిలితే జాలీకి అంటుకుంటాయి. చెత్తబుట్టలోనే వేయండి, ఎరువు గుంతలో కూడా వద్దు. చాలావాటిది ప్లాస్టిక్. మా మందారం కుండీలో నిరుడు వేసిన తొక్కలన్నీ మట్టయ్యాయి. వాటితో పడ్డ స్టిక్కర్ మాత్రం మొన్న మట్టి తిరగేస్తే రంగైనా పోకుండా బయటపడింది.