శవం మీది పురుగు ఏ ఈగదో డీఎన్‌ఏతో తేల్చడం

పురుగు వయసు డీఎన్‌ఏ చెప్పదు, జాతి ఒక్కటే చెబుతుంది. చనిపోయి ఎంతసేపైందో లెక్కకట్టాలంటే జాతితో పాటు పురుగు పొడవు, అక్కడి వేడి కూడా కావాలి. అందుకే దొరికిన పురుగుల్ని మూడు వాటాలు చెయ్యండి.

మొదటి వాటాను 80 డిగ్రీలు దాటిన నీళ్లలో అర నిమిషం ఉంచి, తర్వాత 80 శాతం ఇథనాల్‌లో వెయ్యండి. ఇది పొడవు కొలవడానికి. బతికున్నవాటిని నేరుగా ఇథనాల్‌లో ముంచితే ముడుచుకుపోతాయి, వయసు తక్కువగా లెక్కకొస్తుంది. రెండోది డీఎన్‌ఏకి: 95 శాతానికి తగ్గని ఇథనాల్, ట్యూబులో మూడో వంతుకు మించకుండా పురుగులు. వాటి ఒంట్లో నీరు ఇథనాల్‌ని పలుచన చేస్తుంది కాబట్టి మర్నాడు మార్చాలి. ఫార్మలిన్ మాత్రం వద్దు, డీఎన్‌ఏ పాడవుతుంది. మూడో వాటాను కాలేయం ముక్క మీద ఈగలయ్యేదాకా పెంచండి. చీటీ పెన్సిల్‌తో రాసి ట్యూబు లోపలే వెయ్యండి, పెన్ను సిరా ఇథనాల్‌కి నిలవదు. చెన్నై కత్తిరి ఎండల్లో మూత కాస్త వదులైనా ట్యూబు ఆరిపోతుంది, పారాఫిల్మ్ (సాగే మైనపు పొర) చుట్టండి.

వేడి లెక్కకి చెన్నైలోని నుంగంబాక్కం, మీనంబాక్కం వాతావరణ కేంద్రాల రీడింగులు ఉన్నవున్నట్టు వాడకండి. శవం దొరికిన చోట కొన్ని రోజులు లాగర్ (వేడిని నమోదు చేసే పరికరం) పెట్టి, కేంద్రం రీడింగుతో తేడా చూసి సవరించాలి. మూసి ఉన్న గదైతే మరీను.

ల్యాబ్‌లో పురుగు నడుము భాగం నుంచి పేగు తీసేసి ఒంటిగోడ ముక్క కొయ్యండి. పేగులో శవం తాలూకు మాంసం ఉంటుంది, మనిషి డీఎన్‌ఏ కలుస్తుంది. నోటి కొక్కేలున్న తల, శ్వాసరంధ్రాలున్న తోక దాచి ఉంచండి. రేపు కోర్టులో ఎవరైనా అడిగితే చూపడానికి అవే ఆధారం. పూర్తిగా ఎదిగిన ఈగకైతే ఒక్క కాలు చాలు. ప్రొటీన్లను కరిగించే ప్రొటీనేజ్-కె ఎంజైమ్‌తో 56 డిగ్రీల దగ్గర రాత్రంతా కరగనిచ్చి, డీఎన్‌ఏని పట్టి ఉంచే కాలమ్ కిట్‌తో డీఎన్‌ఏ తియ్యండి.

పీసీఆర్‌కి (డీఎన్‌ఏ ముక్కకు లక్షల నకళ్లు తీసే పద్ధతి) మైటోకాండ్రియాలోని సీఓఐ జన్యువులో 658 బేస్‌ల (డీఎన్‌ఏ అక్షరాల) ముక్క, దాని రెండు చివర్లకీ అతుక్కునే ఫోల్మర్ ప్రైమర్లు, అనీలింగ్ (ప్రైమర్లు అతుక్కునే దశ) 50 డిగ్రీల దరిదాపుల్లో, 35 సైకిళ్లు. డీఎన్‌ఏ వెయ్యని ఖాళీ కంట్రోల్ లేకుండా ఏ రన్నూ నమ్మకండి. జెల్‌లో బ్యాండ్ (డీఎన్‌ఏ గీత) రాకపోతే డీఎన్‌ఏ పెంచాలనిపిస్తుంది, కానీ ముందు పది రెట్లు పలుచన చేసి చూడండి; తరచూ అడ్డుపడేది కలిసొచ్చిన మలినాలే. సీక్వెన్స్ (బేస్‌ల వరుస) రెండు వైపుల నుంచీ చదవండి. మధ్యలో స్టాప్ కోడాన్ (ప్రొటీన్ తయారీని ఆపే సంకేతం) కనిపిస్తే అది మైటోకాండ్రియాది కాకుండా న్యూక్లియస్‌లో చేరిన పాత నకలు కావచ్చు.

బోల్డ్‌లో (జాతుల సీఓఐ సీక్వెన్సులు దాచిన ఆన్‌లైన్ భాండారం) 99 శాతం సరిపోలినా మొదటి పేరు దగ్గరే ఆగొద్దు, కింది పేర్లూ చూడండి. శవాల మీద వాలే క్రైసోమియా మెగాసెఫాలా అనే ఈగకి దగ్గరి చుట్టాలున్నాయి. లుసీలియా కుప్రీనా, లుసీలియా సెరికాటా అనే ఈగజాతుల మధ్య పాత సంకరం వల్ల సీఓఐ ఒక్కటే మోసం చెయ్యొచ్చు. అలాంటప్పుడు 28ఎస్ లాంటి న్యూక్లియర్ జన్యువు కూడా చదివి, మూడో వాటాలో పెంచిన ఈగతో పోల్చాకే నివేదికలో పేరు రాయండి.