‘తప్పు చేశాను’ అని ఇంగ్లీషులో తప్పు లేకుండా చెప్పాలంటే

‘ఐ డిడ్ ఎ మిస్టేక్’ అనేది మన నోట అలవోకగా వచ్చే వాక్యం. తెలుగులో పనైనా, వంటైనా, తప్పైనా ‘చేయడమే’ కాబట్టి వెంటనే ‘డూ’ తగులుకుంటుంది. ఇంగ్లీషులో మిస్టేక్ పక్కన వచ్చేది మేక్. రెండూ ‘ఏక్’ అనే అంతమవుతాయి, అదే గుర్తు. గతంలో ‘ఐ మేడ్ ఎ మిస్టేక్’. తప్పుల్ని లెక్కపెట్టగలం కాబట్టి మధ్యలో ఆ ‘ఎ’ ఉండి తీరాలి. ‘డిడ్ సంథింగ్ రాంగ్’ అనొచ్చు గానీ, అందులో చేయకూడని పని చేశాడన్న ఛాయ ఉంటుంది.

‘కమిట్ ఎ మిస్టేక్’ అని మన ఆఫీసుల్లో తరచూ రాస్తారు. చైనీస్ మాట్లాడేవాళ్లకీ ఇదే చిక్కు: వాళ్ల భాషలో తప్పు చేయడానికీ నేరం చేయడానికీ ‘ఫాన్’ అనే ఒకే క్రియ. ఇంగ్లీషువాళ్ల చెవికి మాత్రం కమిట్ అంటే హత్యో మోసమో తోస్తుంది. ఇన్‌వాయిస్‌లో సున్నా ఎక్కువైతే అంత బరువైన మాట ఎందుకు?

నిజానికి రోజువారీ వాడకంలో వీటన్నిటికన్నా పనికొచ్చేది ‘గెట్ రాంగ్’. ఏది తప్పిందో దాన్ని ఆ రెండు మాటల మధ్య పెట్టాలి: ‘ఐ గాట్ ది డేట్ రాంగ్’, ‘షి గాట్ మై నేమ్ రాంగ్’. ‘ఐ గాట్ రాంగ్ ది డేట్’ అని వరస మార్చకూడదు.

తప్పుగా చూశాను, తప్పుగా విన్నాను అనడానికి మనం ‘తప్పుగా’ని క్రియ ముందు చేరుస్తాం. చైనీస్‌లో క్రియ వెనక ‘త్స్వో’ తగిలిస్తారు: ‘ఖాన్’ చూడటం, ‘ఖాన్ త్స్వో’ తప్పు చూడటం. ఇంగ్లీషులో కొన్ని క్రియల ముందు ‘మిస్’ అతుకుతుంది: మిస్‌రీడ్, మిస్‌హియర్, మిస్‌స్పెల్, మిస్‌జడ్జ్. మిస్‌రీడ్ గతంలో కూడా అక్షరాలు మారవు, పలకడం మాత్రం ‘మిస్‌రెడ్’. అయితే ఈ అతుకు అన్నిటికీ పడదు. బోర్డు తప్పు చూస్తే ‘ఐ సా రాంగ్’ కాదు, ‘మిస్‌సా’ అసలే కాదు. ‘ఐ మిస్‌రెడ్ ది బోర్డ్’.

మిస్టేక్‌ని క్రియగా వాడితే మామూలుగా ఇద్దరు మనుషులో రెండు వస్తువులో ఉంటాయి, ఒకటి చూసి ఇంకొకటి అనుకోవడం: ‘ఐ మిస్టుక్ హిమ్ ఫర్ హిజ్ బ్రదర్’, అంటే అతన్ని చూసి వాళ్లన్న అనుకున్నాను. ఊరికే పొరబడ్డాననడానికి ‘ఐ వాజ్ మిస్టేకెన్’. ‘నన్ను తప్పుగా అనుకోకండి’ని మనం ‘డోంట్ మిస్టేక్ మీ’ చేసేస్తాం. ‘డోంట్ గెట్ మీ రాంగ్’ అనండి.

అసలు ఇబ్బంది మన ‘తప్పు’ అనే క్రియతో. అది ఎన్ని ఇళ్లలో కాపురం చేస్తుందో చూడండి. దారి తప్పాం: ‘వి గాట్ లాస్ట్’. పరీక్ష తప్పాడు: ‘హి ఫెయిల్డ్’. మాట తప్పాడు: ‘హి బ్రోక్ హిజ్ వర్డ్’. గురి తప్పింది: ‘ది షాట్ మిస్డ్’. లారీ అదుపు తప్పింది: ‘ది లారీ వెంట్ అవుట్ ఆఫ్ కంట్రోల్’. నోట్లు ఎంచుతూ లెక్క తప్పితే ‘ఐ లాస్ట్ కౌంట్’. కూడికలో తప్పితే ‘ఐ గాట్ ది టోటల్ రాంగ్’. వీటిలో ఒక్కదాంట్లోనూ మిస్టేక్ లేదు. అందుకే తెలుగు మాటకి ఇంగ్లీషు మాట వెతక్కుండా, ఏం జరిగిందో దాన్ని వెతకాలి.

‘పొరపాటు జరిగింది’ని ‘ఎ మిస్టేక్ హాపెండ్’ అంటే ఎబ్బెట్టుగా ఉంటుంది. ‘దేర్ వాజ్ ఎ మిస్టేక్’ సరి. ‘మిస్టేక్స్ వర్ మేడ్’ అనీ ఉంది గానీ, ఎవరు చేశారో దాచే మాటగా దానికి పేరు. 1987 జనవరిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు రీగన్, ఇరాన్‌కి రహస్యంగా ఆయుధాలు అమ్మిన వ్యవహారం మీద ‘సీరియస్ మిస్టేక్స్ వర్ మేడ్’ అన్నాడు. మేనేజరుకి రాసేటప్పుడు దాని జోలికి పోకండి. ‘తప్పు నాదే’ అని ఒప్పుకోవడానికి ‘ఇట్ వాజ్ మై ఫాల్ట్’. ‘పొరపాటున’ అంటే ‘బై మిస్టేక్’; ‘బై మిస్టేక్లీ’ అనే మాట లేదు.

చనువున్నచోట ‘ఐ మెస్డ్ అప్’ చెల్లుతుంది. ‘స్లిప్ అప్’ చిన్నపాటి ఏమరుపాటుకి. ‘స్క్రూ అప్’ మోటు, పైవాళ్ల దగ్గర వద్దు. ‘బాచ్’ చేతగాక పని చెడగొట్టడం, దాన్ని ఎదుటివాళ్ల మీద వాడితే నింద.

ఇప్పుడు ఒక మెయిల్ చూద్దాం: ‘సారీ సర్, బై మిస్టేక్లీ ఐ హావ్ డన్ మిస్టేక్ ఇన్ ఇన్‌వాయిస్, సారీ ఫర్ ది మిస్టేక్.’ మూడుసార్లు మిస్టేక్ అన్నా, ఏం తప్పిందో చెప్పలేదు. ఇలా మార్చండి: ‘ఐ గాట్ ది జీఎస్‌టీ అమౌంట్ రాంగ్ ఇన్ ది ఇన్‌వాయిస్. సారీ అబౌట్ దట్. ది కరెక్టెడ్ కాపీ ఈజ్ అటాచ్డ్.’ పంపేముందు ఆ కాపీ అటాచ్ అయిందో లేదో ఒకసారి చూసుకోండి.